నంబరు వేసిన చోట

అల్మేత్యెవ్‌స్క్‌లో జనవరి. బయట మైనస్ ఇరవై ఆరు.
షెడ్డు లోపల, కాంక్రీటు గోతిలో
పన్నెండు మీటర్ల గొట్టం పడుకుని ఉంది.
గుండ్రంగా లేదు.
రెండు పక్కలా నొక్కితే నడుం సన్నబడి
ఎనిమిది అంకెలా ఉంది దాని అడ్డుకోత.

ఇరుకు బావిలోకి అలా ముడుచుకునే దిగాలి,
పద్దెనిమిది వందల మీటర్ల కింద
నెర్రెలిచ్చిన సున్నపురాయి
పోసిన బురదంతా తాగేస్తున్న చోటికి.
అక్కడ నీళ్ళు నింపితే ఉబ్బి,
గోడకి వీపు ఆనించి
ఇక ఎన్నటికీ కదలకూడదు.

పొగిడితే ఉబ్బేవాళ్ళు నాకు తెలుసు,
మా డైరెక్టరు గారితో సహా.
ఇనుము అంత తేలిక కాదు,
వెంట్రుకవాసి సాగడానికి కూడా లెక్క అడుగుతుంది.

ఆ లెక్క నాది.
గొట్టాన్ని నాలుగు లక్షల గళ్ళుగా కోసి
తెరమీద పదకొండు రాత్రులు ఉబ్బించాను.
నీలం ఆకుపచ్చగా, ఆకుపచ్చ పసుపుగా మారుతూ
ఒక్క మడత వంపులో మాత్రం ఎర్రబడేది.
నూట ముప్పై వాతావరణాల ఒత్తిడికి
ఇక్కడే చిరుగుతుందని రాసి
కింద సంతకం పెట్టాను: రజీల్యా గరయేవా.

ఖనీఫ్ అబీ కాగితం వైపు చూడలేదు.
వేలి ఉంగరంతో గొట్టం పొడుగునా తడుతూ నడిచాడు,
పుచ్చకాయ కొనేవాడిలా చెవి వాల్చి.
వెల్డింగు అతుకు దగ్గర ఆగి
సుద్దముక్కతో చిన్న గీత గీశాడు.
"అతికించింది ఎప్పటికీ అతికించిందే, అమ్మాయ్."
పందెం, ఒక డబ్బా చక్‌చక్.

ఇనుప తలుపు మూశాం. పంపు మొదలైంది.
కెమెరా ముందు నలుగురం, ఒకే కేటిల్ టీ.
ముప్పై దగ్గర గొట్టం ఒళ్ళు విరుచుకుంది.
అరవై దగ్గర సన్నని నడుం విచ్చుకుంటూ
ఎనిమిది మెల్లగా సున్నా అవుతోంది.
ఎంత అందంగా అవుతోందంటే
ఊపిరి పీల్చడం మరిచిపోయాను.
తొంభై.
తొంభై ఏడు.

చప్పుడేమీ గొప్పగా లేదు.
ఎవరో తడిబట్ట చింపినట్టు, అంతే.
తెరంతా తెల్లటి నీటి పొగ.

తలుపు తీశాక
నా ఎర్ర గడి చెక్కుచెదరలేదు.
అబీ సుద్దగీత కొంచెం తడిసింది, అంతే.
చిరిగింది మూడోచోట,
నా బొమ్మలో నిక్షేపంగా నీలంగా ఉన్నచోట.
అక్కడ గొట్టానికి నంబరు ఉంది.
ఉక్కు అచ్చులు పెట్టి సుత్తితో కొట్టిన నాలుగంకెలు:
సున్నా, నాలుగు, ఒకటి, ఏడు.
ఏడు కాలి కొసలోంచి మొదలైంది చీలిక.

నంబరు లేకపోతే రిపోర్టు ఫైలు కాదని
మంగళవారం పట్టుబట్టి కొట్టించింది నేనే.

కొట్టిన ఇల్నార్‌కి పంతొమ్మిదేళ్ళు.
గోతి అంచున నిలబడి
"మీరు చెప్పినంత లోతే కొట్టాను" అంటున్నాడు,
ఎవరూ అడగకుండానే, రెండోసారి, మూడోసారి.
అబీ తన గ్లాసు వాడి చేతిలో పెట్టాడు.
"నుదుట రాసుందని మా అమ్మమ్మ అనేది.
దీని నుదుట మనమే రాశాం.
తాగు, చల్లారిపోతుంది."

పందెం ఇద్దరమూ ఓడాం.
రెండు డబ్బాలు వచ్చాయి; తేనె వేళ్ళకి అంటుకుని
ఆ సాయంత్రం కీబోర్డు మీద
కొన్ని అక్షరాలు లేవనని మొరాయించాయి.
ఆ వేళ్ళతోనే నాలుగు లక్షల గళ్ళలో
నాలుగు చిన్న గాట్లు పెట్టాను.
మొత్తం గొట్టానికి పట్టిన సమయం కంటే
ఆ గాట్లకే ఎక్కువ పట్టింది.
తెల్లారేసరికి ఏడు కాలి కొస
గోరంత ఎరుపు.

తరవాతి గొట్టానికి నంబరు కుంచెతో రాయించాం.
రంగు ఆరకముందే ఇల్నార్ బొటనవేలు తగిలి
చివరి ఎనిమిది
కాస్త సున్నాలా అలుక్కుపోయింది.
దిద్దబోయాడు.
ఉండనీ అన్నాను.